ఇంట్లో చిన్న గుంపుగా బైబిలు స్టడీ ఎలా నడపాలి: రూతు గ్రంథంతో ఆరు వారాలు

మన సంఘాల్లో వాక్యం వినడానికి కొదవ లేదు. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఉపవాస కూటం, ఏడాదికోసారి మహాసభలు, ఇక ఫోన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్రసంగాలు. అయినా ఇరవై ఏళ్లుగా సంఘానికి వస్తున్న విశ్వాసిని "రూతు గ్రంథం రెండో అధ్యాయంలో ఏం జరిగింది?" అని అడిగితే తడబడేవాళ్లే ఎక్కువ. వాళ్లకు భక్తి తక్కువై కాదు. ఒక భాగం తెరిచి దాని మీదే గంటసేపు కూర్చుని, అర్థం కానిది నోరు తెరిచి అడిగే చోటు వాళ్లకు దొరకలేదు. ప్రసంగం మధ్యలో చెయ్యెత్తి "అయ్యగారూ, ఈ వచనం నాకు అర్థం కాలేదు" అనలేం కదా. అలా అడగగలిగే చోటు ఏడెనిమిది మంది ఒక ఇంట్లో కూర్చుంటే దొరుకుతుంది.

అలాంటి గుంపును మొదలుపెట్టాలనుకునే మామూలు విశ్వాసుల కోసం ఇది రాస్తున్నాను. వేదాంత కళాశాలలో చదివి ఉండక్కర్లేదు. చదవడం, అడగడం, వినడం వస్తే చాలు. మూడింటిలో కష్టమైనది వినడమే.

దీనికి పునాది ఎక్కడుంది

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతుంటాడు. రాణి దగ్గర ధనాగారం చూసే పెద్ద ఉద్యోగి, గ్రంథం చేతిలోనే ఉంది. అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, దారి చూపేవాళ్లు లేకుండా ఎలా అర్థమవుతుంది అని నిజాయితీగా ఒప్పుకుంటాడు. ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చున్నాడు. అదే పుస్తకం 17వ అధ్యాయంలో బెరయ పట్టణం వాళ్లు పౌలు చెప్పిన సంగతులు నిజమో కాదో అని రోజూ లేఖనాలు వెదికి చూసుకున్నారు. చెప్పింది అపొస్తలుడైనా సరే, పుస్తకం తెరిచి చూసుకున్న వాళ్లను గ్రంథం ఘనులు అంటుంది. 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు, అప్పటికే మంచి బోధకుడైన అపొల్లోను చేర్చుకుని మార్గాన్ని ఇంకా స్పష్టంగా వివరించారు. డేరాలు కుట్టి బతికే ఆలుమగలు వాళ్లు.

తర్వాతి చరిత్రలో ఒక ముచ్చట మన తెలుగువాళ్లకు దగ్గరది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ యాకోబ్ స్పేనర్ అనే పాస్టరు 1670లో తన ఇంట్లోనే విశ్వాసులను కూర్చోబెట్టి చదివి మాట్లాడుకునే కూటాలు మొదలుపెట్టాడు. వాక్యం ప్రసంగపీఠం దగ్గరే ఆగిపోకూడదని, మామూలు విశ్వాసులు కలిసి చదివి చర్చించుకోవాలని 1675లో రాశాడు. అక్కడ పుట్టిన ఉజ్జీవం హాలే పట్టణంలో వేళ్లూనుకుంది. ఆ హాలే నుంచే మిషనరీలు 1706లో తమిళనాడులోని తరంగంబాడికి వచ్చారు. వాళ్ల వెనక వచ్చిన బెంజమిన్ షుల్జే మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు గానీ, ఆయన రాసిన చిన్న తెలుగు పుస్తకాలు 1740లలో హాలేలోనే అచ్చయ్యాయి. ఇంట్లో కూర్చుని బైబిలు చదువుకున్న మనుషుల పరంపర నుంచే బైబిలును తెలుగులో పెట్టాలన్న తపన బయల్దేరింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కృతజ్ఞత కలుగుతుంది.

జాన్ వెస్లీ 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో తన విశ్వాసులను పన్నెండేసి మంది చొప్పున తరగతులుగా విడదీశాడు. మందిరం అప్పు తీర్చడానికి వారానికో పెన్నీ వసూలు చేసేందుకు మొదలైన ఏర్పాటు అది. డబ్బుల కోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకు ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసివచ్చింది, వసూళ్ల ఏర్పాటు ఆత్మల పోషణ ఏర్పాటుగా మారింది. మెదక్ ప్రాంతపు సంఘాలు ఆ వెస్లియన్ మిషన్ సేవలోంచి వచ్చినవే. కాబట్టి "ఇదేదో ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్" అని ఎవరైనా అంటే ఈ రెండు సంగతులూ చెప్పండి.

మొదటి అడుగు: పాస్టరుగారితో మాట్లాడటం

ఎవరినీ పిలవకముందే పాస్టరుగారిని కలవండి. మన దగ్గర ఇంటి కూటాలు చీలికలుగా మారిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి ఆయనకు అనుమానం రావడం సహజం. మూడు మాటలు స్పష్టంగా చెప్పండి: ఏ పుస్తకం చదువుతాం, ఎన్ని వారాలు చదువుతాం, కానుకలు పట్టం. ఆ చివరి మాట చాలా టెన్షన్ తగ్గిస్తుంది. మాకు జవాబు దొరకని ప్రశ్నలు రాసుకుని మీ దగ్గరికి తెస్తాం అని కూడా చెప్పండి, తర్వాత నిజంగానే తీసుకెళ్లండి. వేర్వేరు సంఘాల వాళ్లు కలిసే గుంపు అయితే, ఎవరి సంఘం నుంచి ఎవరినీ లాగడం ఉండదని మొదటి రోజే అందరి ముందు చెప్పుకోవాలి.

ఎంతమంది, ఎవరెవరు

ఆరుగురితో మొదలుపెట్టండి, పన్నెండు దాటనివ్వకండి. పన్నెండు దాటాక మాట్లాడేవాళ్లు నలుగురే మిగులుతారు, మిగతావాళ్లు మళ్లీ శ్రోతలైపోతారు. ఒకే వయసు వాళ్లు కలిస్తే మాటలు తొందరగా కలుస్తాయి గానీ, నా మట్టుకు నాకు కలగాపులగపు గుంపే ఇష్టం. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, అంగన్‌వాడీ టీచరమ్మ, ఆటో నడిపే అన్న, మనవళ్లను చూసుకునే అమ్మమ్మ ఒకే వచనం చదివితే నలుగురికీ నాలుగు సంగతులు కనబడతాయి. అవి ఒక్క నాయకుడికి, ఎంత చదివినా, కనబడవు. దీనికి ఉదాహరణ కింద వివరంగా ఇస్తాను.

కులం సంగతి దాటేయకూడదు. మన ఊళ్లలో సంఘాలు పేటను బట్టి ఏర్పడ్డాయి, గుంపులూ తెలియకుండానే అలాగే ఏర్పడతాయి. పిలిచేటప్పుడే అవతలి వీధి వాళ్లను పిలవండి. కూటం వంతులవారీగా అందరి ఇళ్లలో జరగాలి, ఏ ఇంట్లో జరిగితే ఆ ఇంటి టీ అందరూ తాగాలి. ఈ ఒక్క నియమం చాలా ప్రసంగాలు చేయలేని పని చేస్తుంది.

చోటు, సమయం, టీ

కుర్చీల వరసలు వద్దు. చాప పరిచి గుండ్రంగా కూర్చోండి, మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం కుర్చీ వేయండి. మైకు అసలొద్దు. ఎనిమిది మందికి మైకు దేనికి? పక్కింట్లో పిల్లలు పరీక్షలకు చదువుకుంటుంటారు, ఇరుగుపొరుగుతో మన మర్యాద కూడా సాక్ష్యమే.

పట్టణంలో రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు బాగుంటుంది. పల్లెలో కోతల కాలం, నాట్ల కాలం చూసి పెట్టుకోండి. గంటన్నర దాటించకండి, తొమ్మిదికి ముగుస్తుందని చెప్పాక తొమ్మిదికే ముగియాలి. అత్తగారింట్లో అడిగి వచ్చిన కోడలికి, తెల్లవారుజామున డ్యూటీ ఉన్నవాడికి ఆ మాట మీదే నమ్మకం.

తినడానికి టీ, బిస్కెట్లు. అంతకు మించి ఎవరూ పెట్టకూడదని నియమం చేయండి. ఒక ఇంట్లో బిరియాని పెడితే, తర్వాతి వారం వంతు వచ్చిన పేద కుటుంబం ఏదో సాకు చెప్పి తప్పుకుంటుంది.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

ప్రకటన గ్రంథంతో వద్దు. అందరికీ ఆసక్తే గానీ మొదటి వారమే వాదనలో పడతారు. అంశాలవారీగా అక్కడో వచనం ఇక్కడో వచనం ఏరి చదవడమూ మొదట్లో వద్దు, ఎందుకంటే అప్పుడు వచనాలను ఏరిన మనిషే అసలు బోధకుడవుతాడు. ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి.

మొదటి పుస్తకంగా నేను రూతునే సూచిస్తాను. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. కరువుకు వలస, ముగ్గురు ఆడవాళ్ల వైధవ్యం, అత్తాకోడళ్లు, కూలి, పొలం, బంధువుల బాధ్యత, ఊరి పెద్దల పంచాయితీ. ఇందులో మనకు పరాయిగా అనిపించేది చాలా తక్కువ. ఆరు వారాలు ఇలా పంచుకోండి: మొదటి వారం పుస్తకం మొత్తం ఒక్కసారే బిగ్గరగా చదవడం, తర్వాత నాలుగు వారాలు వారానికో అధ్యాయం, ఆరో వారం వెనక్కి తిరిగి చూసుకోవడం. మొత్తం చదవడానికి ఇరవై నిమిషాలు పట్టదు. కథంతా ఒక్క ఊపులో ఇంతకుముందు ఎప్పుడూ వినలేదని చాలామంది అంటారు.

నడిపేవాళ్ల తయారీ

వారంలో రెండు గంటలు కేటాయించండి. మొదటి గంట బైబిలు తప్ప ఇంకేమీ తెరవకండి. అధ్యాయాన్ని మూడుసార్లు చదవండి: ఒకసారి మనం ఆదివారం చదివే పాత తెలుగు బైబిలులో, ఒకసారి వాడుక భాష అనువాదంలో. ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, తెలుగు సమకాలీన అనువాదం రెండూ ఫోన్‌లో దొరుకుతాయి. మూడోసారి పెన్సిలు పట్టుకుని చదవండి. మనసుకు తగిలిన చోట చిన్న దీపం బొమ్మ, అర్థం కాని చోట ప్రశ్న గుర్తు, చేయాల్సిన పని కనబడిన చోట బాణం గీయండి. గుంపులో అందరికీ ఇదే నేర్పించవచ్చు.

రెండో గంటలో ప్రశ్నలు రాయండి, ఆరో ఏడో చాలు. వ్యాఖ్యానాలు, యూట్యూబ్ ప్రసంగాలు చూడాలనుకుంటే ఆ తర్వాతే. ముందే చూస్తే వాళ్ల జవాబులు మన నోట్లోకి వచ్చేస్తాయి, ఇక మనం ప్రశ్న అడిగినా దాని వెనక జవాబు సిద్ధంగా ఉందని అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న ఎలా ఉండాలంటే, జవాబు కోసం కళ్లు పుస్తకం మీదికి వెళ్లాలి. "దేవుడు పేదలను ప్రేమిస్తాడా?" అని అడిగితే అందరూ "అవును" అంటారు, పుస్తకం మూసి ఉన్నా అంటారు. "రూతు 2లో 8 నుంచి 16 దాకా చూసి, పొలం యజమాని బోయజు రూతు కోసం ఏమేం చేశాడో ఒక్కొక్కటీ చెప్పండి" అంటే ఎనిమిది తలలు కిందికి వంగుతాయి.

ప్రశ్నలను మూడు మెట్లలో పెట్టుకోండి. ఏముంది, దాని అర్థమేమిటి, మనం ఏం చేయాలి. మన గుంపులన్నీ మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీదికి దూకుతాయి. ఒక వచనం చదవగానే "దేవుడు నాతో మాట్లాడాడు" అని మొదలుపెడతాం. కూటంలో సగం సమయం మొదటి మెట్టు మీదే గడపండి.

కూటం నడిచే తీరు

మొదట పది నిమిషాలు ఒక కీర్తన, చిన్న ప్రార్థన. అందరికీ నోటికి వచ్చిన ఆంధ్ర క్రైస్తవ కీర్తన అయితే వాయిద్యాలు అక్కర్లేదు. తర్వాత ఐదు నిమిషాలు పోయిన వారం సంగతి: చేద్దామనుకున్నది ఎవరైనా చేశారా? తర్వాత అధ్యాయం చదవడం, రెండుసార్లు, ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు అనువాదాల్లో. వరసగా తలా ఒక వచనం చదివించడం మన అలవాటు గానీ, చదువు సరిగ్గా రానివాళ్లకు అది నరకం. తమ వంతు ఎప్పుడొస్తుందో అన్న భయంలో వాళ్లు ఏమీ వినలేరు. అడిగి, ఇష్టమున్నవాళ్లతోనే చదివించండి.

రెండోసారి చదివాక పుస్తకాలు మూసి, ఒకరిని కథ తమ మాటల్లో చెప్పమనండి. ఏదైనా వదిలేస్తే మిగతావాళ్లు అందిస్తారు. చదువు రాని అమ్మమ్మలు ఈ పనిలో అందరినీ మించిపోతారు. ఏళ్ల తరబడి విని విని వందల వచనాలు కంఠతా పెట్టుకున్నవాళ్లు వాళ్లు.

ఆ తర్వాత నలభై నిమిషాలు చర్చ, చివరి పావుగంట ప్రార్థన. ప్రార్థన ఆ రోజు చదివిన దాని నుంచే పుట్టాలి, పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరి కోసం ఒకరు, రెండు మూడు వాక్యాల్లో.

రూతు 2వ అధ్యాయం: ఒక సాయంత్రం ఎలా సాగుతుంది

మొదటి ప్రశ్న: "రూతు ఎవరు, ఆమె పరిస్థితి ఏమిటి? ఈ అధ్యాయంలో ఆమెను ఎన్నిసార్లు మోయాబీయురాలు అన్నారో చూడండి." చూస్తే, పొలంలో పనివాడు చెప్పినప్పుడూ అంతే, కథ చెప్పేవాడి మాటల్లోనూ అంతే. ఆమె పేరుతో పాటు ఆమె ఎక్కడి మనిషో మళ్లీ మళ్లీ వెంటే వస్తోంది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం మోయాబీయుల గురించి ఏమంటుందో ఒకరిని చదవమనండి. ఇప్పుడు ఆ పొలంలో ఆమె ఎంత బెరుకుగా నిలబడి ఉంటుందో గుంపుకు అర్థమవుతుంది. ఊరు గాని ఊరిలో పనికి వెళ్లిన మనిషి మీ చాప మీద ఉంటే, ఇక్కడ తప్పకుండా నోరు విప్పుతారు.

రెండో ప్రశ్న: "ఆమె చేస్తున్న పని ఏమిటి?" పరిగె ఏరుకోవడం. ఇక్కడ ఆగండి. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి కాబట్టి కుర్రవాళ్లకు ఇది తెలియదు. కొడవలితో కోసిన రోజుల్లో, కోత అయిపోయిన చేలో రాలిన వెన్నులు ఏరుకుని ఒడిలో వేసుకున్న పెద్దావిడ మీ గుంపులో ఉండవచ్చు. ఆమెను అడగండి: రోజంతా ఏరితే ఎంత దొరికేది? నడుము ఎలా ఉండేది? చేను ఆసామి ఎలా చూసేవాడు? పది నిమిషాలు ఆమెకే వదిలేయండి. తర్వాత 17వ వచనం చదివించండి. రూతు సాయంత్రం దాకా ఏరి, దుల్లగొడితే దాదాపు తూమెడు యవలు వచ్చాయి. మూలంలోని కొలత ఏఫా, అంటే ఇంచుమించు 22 లీటర్లని చాలా బైబిలు పట్టికలు చెప్తాయి. యవలైతే 13 కిలోల దాకా ఉంటాయి. ఇంత ఎక్కువ ఒక్క రోజులో పరిగెలో దొరకదని ఆ పెద్దావిడే మొదట పట్టుకుంటుంది. మరి ఎలా దొరికింది? జవాబు 16వ వచనంలో ఉంది. పనలలోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి వదిలిపెట్టమని, ఆమెను గద్దించవద్దని బోయజు తన పనివాళ్లకు ముందే చెప్పాడు.

చూశారా, ఎంత చదువుకున్న బోధకుడైనా "బోయజు దయగలవాడు" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయేవాడు. పరిగె ఏరిన చేతులున్న మనిషి పక్కన కూర్చున్నందువల్ల ఆ దయ బరువు ఎన్ని కిలోలో గుంపుకు తెలిసింది. ఆ రోజు వరకు కూటాల్లో ఎవరూ ప్రశ్న అడగని ఆ పెద్దావిడ, ఇకపై ప్రతివారం మాట్లాడుతుంది. చిన్న గుంపు విలువ ఏమిటని నన్నెవరైనా అడిగితే ఇదే చూపిస్తాను.

మూడో ప్రశ్న: "బోయజు చేసినదాంట్లో ధర్మశాస్త్రం అడిగిందెంత, అంతకు మించి చేసిందెంత?" లేవీయకాండము 19:9–10 చదివించండి. చేను అంచుల దాకా కోయకూడదు, రాలింది ఏరకూడదు, పేదలకూ పరదేశులకూ వదిలేయాలి. అంతవరకు చట్టం. మగపనివాళ్లు ఆమె జోలికి వెళ్లకూడదని ఆజ్ఞాపించడం, వాళ్లు తోడిన నీళ్లు తాగమనడం, భోజనానికి పిలిచి పేలాలు అందించడం, ఇవన్నీ చట్టం రాయలేదు. ఆడకూలీలకు పొలంలో ఏ భయాలుంటాయో గుంపులోని స్త్రీలకు వేరే చెప్పక్కర్లేదు. 22వ వచనంలో రూతు అత్త నయోమి కూడా ఆ భయమే చెప్తుంది.

ఎవరూ గమనించకపోతే 14, 18 వచనాలు పక్కపక్కన చూపించండి. రూతు కడుపునిండా తిని కొంత మిగిల్చింది. ఆ మిగిలింది ఇంటికి తెచ్చి అత్తకు పెట్టింది.

ఇక మూడో మెట్టు: "మన చేలో అంచులు ఎక్కడున్నాయి?" పొలం లేనివాళ్లకూ అంచులుంటాయి. ఇంట్లో పనిచేసే ఆమె జీతం, షాపులో కుర్రాడి సెలవు, కూరగాయల ఆమెతో చేసే బేరం. ఒక్కొక్కరు ఈ వారం చేయగల ఒక్క పని చెప్పమనండి. "నేను ఇంకా దయగా ఉండాలి" అంటే ఒప్పుకోవద్దు. ఎవరి పట్ల, ఏ రోజు, ఏం చేస్తారో చెప్పమనండి. వచ్చేవారం మొదటి ఐదు నిమిషాల్లో అడగబోయేది దాని గురించే.

మిగతా అధ్యాయాల్లో జాగ్రత్తలు

మొదటి అధ్యాయంలో నయోమి, నన్ను మారా అని పిలవండి, యెహోవా నన్ను వట్టి చేతులతో తిరిగి తెచ్చాడు అంటుంది. గుంపులో భర్తనో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లు ఉంటే కన్నీళ్లు రావచ్చు. రానివ్వండి. "అలా సణగకూడదు సిస్టర్" అని ఎవరూ దిద్దకూడదు. నయోమిని ఆ పుస్తకంలో ఎవరూ దిద్దలేదు.

మూడో అధ్యాయంలో రాత్రిపూట కళ్లం దృశ్యం ఉంది. మామలు, కోడళ్లు కలిసి కూర్చున్న గుంపులో ఇబ్బంది పడతారు. చదవడం అందరూ కలిసి చేసి, చర్చకు స్త్రీలు ఒక గదిలో, పురుషులు ఒక గదిలో కూర్చోండి. నాలుగో అధ్యాయంలో చెప్పు విప్పి ఇవ్వడం, సమీప బంధువు బాధ్యత ఉన్నాయి కాబట్టి ద్వితీయోపదేశకాండము 25:5–10, లేవీయకాండము 25:25 ముందే చూసుకోండి. తేడాలు కూడా కనబడతాయి, వాటిని దాచకండి. అన్నిటికీ జవాబు తెలిసినట్టు నటించే నాయకుడి దగ్గర ఎవరూ ప్రశ్నలు అడగరు.

గుంపులో వచ్చే ఇబ్బందులు

ఎక్కువగా మాట్లాడే అన్న ప్రతి గుంపులోనూ ఉంటాడు. ఆయన మంచివాడే, తెలిసింది చెప్పాలన్న తపన. పక్కకు పిలిచి, "అన్నా, మీరు ముందే చెప్పేస్తే మిగతావాళ్లు నోరు తెరవట్లేదు, వాళ్లతో మాట్లాడించడానికి నాకు సాయం చేయండి" అని అడగండి. గౌరవంగా అడిగితే చాలామంది మారతారు.

ప్రశ్న అడిగాక నిశ్శబ్దం వస్తే భయపడి మీరే జవాబు చెప్పేయకండి. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. పెద్దవాళ్ల ముందు మాట్లాడని కోడళ్లు, యవనస్థులు మన దగ్గర సహజం. వాళ్లను పేరు పెట్టి అందరి ముందు అడగడం కన్నా, మొదట ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమని, తర్వాత "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అని అడిగితే తేలిగ్గా చెప్తారు.

బాప్తిస్మం, సబ్బాతు, అన్య భాషల్లో మాట్లాడటం వంటి విషయాల్లోకి వాదన మళ్లితే, "ఈ రోజు మన అధ్యాయం దీని గురించి మాట్లాడుతోందా?" అని అడిగి వెనక్కి తీసుకురండి.

వచనాన్ని దాని చోటు నుంచి పెరికి వాడే అలవాటు మనలో బలంగా ఉంది. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద యిర్మీయా 29:11 ఎంతో ఇష్టంగా చదువుతాం. ఒకసారి గుంపులో ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. బబులోనుకు చెరగా వెళ్లిన వాళ్లకు రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని 5వ వచనం, 70 ఏళ్లు పూర్తయ్యాకే తిరిగి రప్పిస్తానని 10వ వచనం చెప్తాయి. అది చదివాక 11వ వచనం మీద నమ్మకం తగ్గదు. తొందరగా తీరని కష్టంలో ఉన్నవాళ్లకు అది మరింత ఆసరా అవుతుంది.

ప్రార్థన మనవులు గడప దాటకూడదు. వాట్సాప్ గ్రూపులో కూటం సమయం, అధ్యాయం మాత్రమే పెట్టండి, ఎవరి ఇంటి సమస్యా పెట్టకండి. జబ్బు గురించి ప్రార్థించండి, మందులు మానేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇంట్లో హింస గురించి ఎవరైనా బయటపెడితే అది చర్చాంశం కాదు, నమ్మకమైన ఒక స్త్రీ ఆమె వెంట ఉండి సాయం అందేలా చూడాలి. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. చిట్టీలు, అప్పులు, ఎన్నికల ప్రచారం కూటంలోకి రానివ్వకండి.

హిందూ, ముస్లిం స్నేహితులు ఆసక్తితో వస్తే ఆదరంగా కూర్చోబెట్టండి. వాళ్ల ప్రశ్నలు చాలాసార్లు మన అందరి ప్రశ్నల కన్నా సూటిగా ఉంటాయి. వాళ్ల విశ్వాసాన్ని కించపరచడం, ఏదో ఒకటి ఒప్పుకోమని ఒత్తిడి చేయడం ఉండకూడదు.

ఊరికి దూరంగా ఉన్నవాళ్లు

గల్ఫ్‌లో లేబర్ క్యాంపుల్లో షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి వారం వారం ఒకే రోజు కుదరదు. ముగ్గురే దొరికినా మొదలుపెట్టండి, అక్కడి చట్టం ఏ చోట, ఎంతమంది కూడుకోవచ్చంటుందో ముందే తెలుసుకోండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లు ఇంగ్లిషు బైబిలులో చదివి తెలుగులో మాట్లాడితే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో అయితే గంట చాలు, కెమెరాలు తెరిచి ఉండాలి, ఆరుగురు దాటకూడదు.

కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లకు యు.ఈ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) విద్యార్థి సహవాసం ఉండవచ్చు. 1954 నుంచి మన దేశంలో విద్యార్థుల మధ్య ఈ పనే చేస్తున్న సంస్థ అది. మీ క్యాంపస్‌లో ఉందేమో కనుక్కోండి.

ఆరో వారం

చివరి వారం మత్తయి 1:1–6 చదవండి. ఆ వంశావళిలో రూతు పేరు ఎక్కడుందో వెతకమనండి. చేలో పరదేశిగా వంగి ఏరిన మనిషి దావీదుకు ముత్తవ్వ అయ్యింది, ఆ వరసలోనే క్రీస్తు పేరు వస్తుంది. దావీదు పేరు రూతు చివర్లోనే వస్తుంది గానీ, మత్తయిలోని ఈ సంగతి మాత్రం మొదటి వారమే చెప్పేయకుండా దాచి ఉంచండి.

తర్వాత మూడు విషయాలు అడగండి. ఏ వచనం గుర్తుండిపోయింది? చేస్తామన్న పనుల్లో ఏవి చేశాం, ఏవి చేయలేదు? ఇంకో పుస్తకం చదువుదామా? ఆగిపోవాలనుకునేవాళ్లను నొప్పించకుండా వెళ్లనివ్వండి. ముందే ఆరు వారాలని చెప్పారు కాబట్టి ఎవరికీ తప్పించుకున్న భావన ఉండదు. కొనసాగేవాళ్లు మార్కు సువార్త తీసుకోవచ్చు, పదహారు అధ్యాయాలు కాబట్టి నాలుగు నెలలు పడుతుంది. అంత వద్దనుకుంటే ఫిలిప్పీ పత్రిక, నాలుగు అధ్యాయాలే.

కొత్త పుస్తకంలో రెండో వారం నుంచే నడిపే పని ఇంకొకరికి ఇవ్వండి. ఈ ఆరు వారాల్లో ఎక్కువ మాట్లాడినవాళ్లను ఎంచుకోకండి, మంచి ప్రశ్నలు అడిగినవాళ్లను ఎంచుకోండి. మొదటిసారి ప్రశ్నలు ఇద్దరూ కలిసి కూర్చుని రాయండి, కూటంలో మాత్రం మీరు చాప మీద మామూలుగా కూర్చుని జవాబులు చెప్పండి. సంఖ్య పన్నెండు దాటే సమయానికి నడపగలిగినవాళ్లు ఇద్దరు ఉంటారు, అప్పుడు గుంపును రెండిళ్లకు పంచుకోవచ్చు.